అనధ్యయనము - అధ్యయనోత్సవము

ముక్కోటి యేకాదశి యనఁగానే యాంధ్రదేశమున జనులకు స్ఫురించునది యుత్తరద్వారము. ఉపవాసము, జాగరణము, వేకువజామున ద్వారము తెఱచునప్పటి సమ్మర్దము, ఇవియే యా పర్వమునకు లక్షణములని పలువురు తలఁతురు. మురాసురవధము మొదలగు నేకాదశీమాహాత్మ్యకథలు పాఠశాలలయందును బరిచితములే. కాని వైష్ణవాలయముల కైంకర్యక్రమమును బరిశీలించినచో నీ దినము తనంతట నిలిచిన పర్వముగాఁ గానరాదు. ఇరువది దినములకుఁ దక్కువకాని యొక పారాయణమునకు నడుమ నిది నిలిచియున్నది. ఆ పారాయణమునకు అధ్యయనోత్సవమని పేరు. ఏకాదశికి ముందు పదిదినములు పగటివేళ జరుగుభాగము పగల్పత్తు. ఏకాదశి మొదలు పదిరాత్రులు జరుగుభాగము రాప్పత్తు.

ఈ పేరు విచారింపఁదగినది. దేవాలయోత్సవములకు సామాన్యముగా వాహనమునుబట్టియో, ఋతువునుబట్టియో, జరుగు చేష్టనుబట్టియో పేరులు కలుగును. రథోత్సవము, వసంతోత్సవము, డోలోత్సవము, తెప్పోత్సవము అనునవి యట్టివి. అధ్యయనమన్ననో, గురుముఖమునుండి వేదమును గ్రహించి చెప్పుట. ఆ శబ్దమునకు శాస్త్రమున నిదియే రూఢార్థము. ఇచ్చట నధ్యయనము చేయఁబడునవి యాళ్వారుల ద్రావిడపాశురములు. దేశభాషలోని పాటలకు వేదాధ్యయనశబ్దమును గట్టిపెట్టినవారు తెలియక పెట్టినవారు కారు. ఈ యుత్సవచరిత్రమంతయు నా యొక్క పదమునందు ఇమిడియున్నదని చెప్పవచ్చును.

వేదాధ్యయనమునకుఁ గాలనియమము కలదు. శ్రావణపూర్ణిమనాఁడుగాని భాద్రపదమునఁగాని యుపాకర్మ చేసి, నాలుగున్నర మాసములు చదివి, పుష్యమునఁగాని మాఘమునఁగాని యుత్సర్జనము చేయవలయునని మనువు విధించెను. మఱియు ఉఱుము, ఉల్కాపాతము, గ్రహణము, పర్వతిథులు మొదలగు ననధ్యాయకాలములు ధర్మశాస్త్రములలో విస్తారముగాఁ జెప్పఁబడినవి. కావ్యము నేవేళనైనఁ జదువవచ్చును, వేదమునట్లు చదువరాదు. చదువరాని కాలము గలిగియుండుటయే వేదమునకుఁ గల ప్రత్యేకతలలో నొకటి.

శ్రీవైష్ణవులు దివ్యప్రబంధమునకును సరిగా నట్టి నియమమునే కల్పించిరి. సౌరకార్తికమాసమున గృత్తికానక్షత్రము తిరుమంగైయాళ్వారుల తిరునక్షత్రము. దాని మఱునాఁటినుండి యనధ్యయనకాలము ప్రారంభమగును. అప్పటినుండి యధ్యయనోత్సవమువఱకు ఆలయములలో ప్రబంధగోష్ఠి యుండదు. గృహములలో నీ నియమము మఱికొన్ని దినములుకూడ సాగును. ఎప్పటివఱకన్న విషయమున సంప్రదాయభేదములు కలవు. కృత్తిక పూర్ణిమాసమీపమున వచ్చుటయు, ముక్కోటి ధనుర్మాసశుక్లైకాదశి యగుటయుఁ గారణముగా, నీ విరామ మొకయేఁడు పక్షముతో ముగియును; మఱియొకయేఁడు నెలపైఁబడి సాగును. ధనుర్మాసోషఃకాలమునఁ జదువు తిరుప్పావై, తిరుప్పళ్ళియెళుచ్చి మాత్ర మీ నిషేధమునకు లోఁబడవు. విరామదినములలో తెంగలవారు మణవాళమహామునుల ఉపదేశరత్తినమాలైని, తిరువాయ్మొళి నూఱ్ఱందాదిని జెప్పుదురు. వడగలవారు వేదాంతదేశికుల ప్రబంధములఁ జెప్పుదురు. ఆళ్వారుల వాక్కు నిలిచినచోట నాచార్యుల వాక్కు నిలిపిరన్నమాట. వేద మనధ్యాయమైనప్పుడు వేదాంగములఁ జదువుట యను ప్రాచీనమర్యాద యిచ్చటఁ దలఁపునకు వచ్చును.

కాఁబట్టి ముక్కోటికి సన్నాహము రెండంచెలుగా నున్నది. మొదట మౌనము, పిదపఁ బారాయణము. ఈ మౌనమునకు సంప్రదాయజ్ఞులు చెప్పు కారణ మందమైనది. శ్రీరంగనాథుఁడు కార్తికమున నమ్మాళ్వారునకు శ్రీముఖ మంపించును. ఆళ్వారుమూర్తి తన తిరునగరినుండి బయలుదేఱి శ్రీరంగమునకు వచ్చుచుండును. కవి దారిలో నుండఁగా నతనికవిత నింకొకరు చదువరాదు. అతఁడు వచ్చి స్వామియెదుటఁ గూర్చుండినపిదపనే యది వినఁబడవలెను. తామ్రపర్ణీతీరమునుండి కావేరీతీరమునకు మూర్తిని దెచ్చుట వాస్తవముగాఁ గొంతకాలము జరిగెననియు, దారి సురక్షితము గాకపోయినపుడు శ్రీరంగముననే యాళ్వారులమూర్తులఁ బ్రతిష్ఠించిరనియు నా యాలయవృత్తాంతమగు కోయిలొళుగువలనఁ దెలియుచున్నది.

ఈ ప్రబంధ మెట్లు చేకూఱెనన్నచో, గురుపరంపరాగ్రంథములు చెప్పు కథ పండితులకుఁ దెలిసినదే. వీరనారాయణపురమునందు, అనఁగా నేఁటి కాట్టుమన్నార్కోయిలునందు, నాథమునులు స్వామిసన్నిధి నుండఁగా, కొందఱు యాత్రికులు కుంభకోణస్వామిని గూర్చిన పది పాశురములు పాడిరి. ఆ దశకముకడపట, వేయింటిలో నివి పది యను సూచన యుండెను. తక్కిన తొమ్మిదివందలతొంబదియు నెక్కడనని యడుగఁగా వారు తెలియదనిరి. అంతట నాథమునులు కురుగూరునకుఁ బోయి, నమ్మాళ్వారు నివసించిన చింతచెట్టుకడఁ గూర్చుండి, మధురకవి యాళ్వారుని 11 పాశురముల కణ్ణినుణ్ శిఱుత్తాంబును 12,000 మాఱులు జపించెనఁట. వేయియే కాక నాలుగువేలును లభించెనఁట. కథలోని యద్భుతాంశ మటుండనిచ్చినను, ఇందొక విషయము స్థిరముగాఁ గానవచ్చుచున్నది. పాటలు లోకమునఁ దునుకలుగా నిలిచియుండెను. వానిని మొత్తముగాఁ గూర్చిన వాఁడొకఁడు. కూర్చుటకు సాధనము జపము. నాథమునులు కూర్చుటతోఁ దృప్తిపడక, మేలైయగత్తాళ్వాను, కీళైయగత్తాళ్వాను అను మేనల్లుండ్రిద్దఱకు స్వరముతోఁ బాడ నేర్పిరి. శ్రీరంగమునఁ బాడు నరైయరులు తమపరంపరను వారినుండియే చెప్పుకొందురు.

నాలుగువేల లెక్క యిట్లు: ముదలాయిరము 947, పెరియ తిరుమొళి మొదలగు తిరుమంగైయాళ్వారుల రెండవభాగము 1134, ఇయఱ్పా 817, తిరువాయ్మొళి 1102. ఈ లెక్కయందు తిరువరంగత్తముదనార్ల రామానుజ నూఱ్ఱందాది పాశురములు 108 ఇయఱ్పాలో జేరియున్నవి. రామానుజుల కాలమునఁ బుట్టిన కృతి, నాథముని కూర్చినదనఁబడు నాలుగువేలలో జేరి లెక్కను సరిచేయుట గమనింపవలయును. ప్రబంధము మూసివేయఁబడిన పెట్టె కాదు, ఉత్సవముతోపాటు పెరిగినది.

ఉత్సవమెట్లు పెరిగెనో కోయిలొళుగు వర్ణించినది. దానిప్రకారము తిరుమంగైయాళ్వారులు మార్గళి శుక్లైకాదశి మొదలు పదిదినములు తిరువాయ్మొళిని స్వామికి వినిపింప నేర్పాటు చేసి, వేదముతో సమానముగా దానిని వినవలయునని స్వామిని బ్రార్థించిరి. తరువాత నాథమునులు ఏకాదశికి ముందు పదిదినములు చేర్చి, తక్కిన యాళ్వారుల తిరుమొళుల కవకాశము గల్పించిరి. పిదప ఇయఱ్పాకుఁ గడపట నొకదినము కలిగెను. నడుమ నుత్సవము నిలిచిపోఁగా రామానుజులు పునరుద్ధరించిరి.

కోయిలొళుగు ఒకచేతి వ్రాఁత కాదు. పలుకాలముల వ్రాఁతలు పొరలుపొరలుగా నందుఁ జేరియున్నవి. తిరుమంగైయాళ్వారులకు నీ యుత్సవారంభమును గట్టుట కేవలము దాని సాక్ష్యముచేతనే నిర్ణయింపరాదు. కాని భాగములు చేరిన వరుసను గూర్చి యది చెప్పినమాట నమ్మఁదగియున్నది. దానికి సాక్ష్యము గ్రంథముల యాకృతియే. తిరువాయ్మొళి పదిశతకములు, పదిరాత్రులకుఁ బది శతకములు, రాత్రికించుమించుగా 110 పాశురములు, కొలిచి కట్టినట్లు సరిపోవును. పగటిభాగమునకుఁ జేరిన రెండువేలకు నట్టి సహజవిభాగము లేదు. ఆ 2081 పాశురములను పదిదినములకుఁ బంచినచో దినమునకు రెండువందలు దాటును. పెరియాళ్వారు, గోద, కులశేఖరుఁడు, తొండరడిప్పొడి, తిరుప్పాణరు మొదలగు పలువురి కృతులు పదింటిలో నిఱికింపఁబడినట్లున్నవి. మొదట నిర్మించిన మందిరమునకుఁ దరువాతఁ గట్టిన పంచవలె నిది తోఁచుచున్నది. అనఁగా నేఁడు సన్నాహముగాఁ గనఁబడు పగల్పత్తు పుట్టుకలోఁ దరువాతిది. ఏకాదశి తొలుత నొకపారాయణమునకు మొదటిదినము. ముందు పదిదినములు చేరిన తరువాతనే యది శిఖరమైనది.

శాసనములు ఈ క్రమమునంతయుఁ జెప్పకున్నను, పారాయణప్రాచీనతను స్థాపించుచున్నవి. రాజేంద్రచోళుని (1014–1044) కాలపు ఎణ్ణాయిరశాసనము గొప్ప విద్యాలయమునకుఁ జేసిన యేర్పాటులతోపాటు తిరువాయ్మొళి పఠించువారికిని జీవనము గల్పించినది. మొదటి కులోత్తుంగుని కాలమున 1088 ప్రాంతమునాఁటి శ్రీరంగశాసనము, ఉత్సవరాత్రులందు కులశేఖరుల పెరుమాళ్ తిరుమొళిలోని యొకదశకమును బాడుటకై దత్తి నిచ్చినది. ఈ రెండవది ముఖ్యము. తిరువాయ్మొళి మాత్రమే కాక, తక్కిన యాళ్వారుల పాటలును పదునొకండవ శతాబ్ది చివరికి శ్రీరంగమున రాత్రివేళ స్వామియెదుట వినఁబడుచుండెనని దీనివలన స్పష్టము.

ఇట్టి గానమునకు వేదాధ్యయనమను పేరు పెట్టుటకు శ్రమమేమి యని యడుగవచ్చును. శ్రమ కలదు. నమ్మాళ్వారు చతుర్థవర్ణమునఁ బుట్టినవాఁడు. అతని భాష ద్రావిడము. అపౌరుషేయమని మీమాంసకులు నిర్ణయించిన వేదము పక్కను కర్తయు, పుట్టినయూరును, కులమును దెలిసిన దేశభాషాకృతిని నిలుపుట సామాన్యసాహసము కాదు. తిరువాయ్మొళిని సామవేదముతోను, నమ్మాళ్వారుల తక్కిన మూఁడుకృతులను మూఁడువేదములతోను, తిరుమంగైయాళ్వారుల యాఱుకృతులను షడంగములతోను బోల్చిరి. పదమూఁడవ శతాబ్ది పిదప అళగియ మణవాళప్పెరుమాళ్ నాయనారు ఆచార్యహృదయమున సూత్రరూపముగా నీ వాదమును నిర్వహించెను. అయినను రామానుజుల సంస్కృతకృతులలో నాళ్వారుల పాశుర మొక్కటియు నుదాహరింపఁబడలేదు. తిరువాయ్మొళికి మొదటి వ్యాఖ్యానమగు నాఱాయిరప్పడి యాయన శిష్యుఁడగు తిరుక్కురుగైప్పిరాన్ పిళ్ళానుచే వ్రాయఁబడెను. భాష్యములో మాటాడనిదానిని రామానుజులు కోవెలలో మాటాడించిరని చెప్పిన నతిశయోక్తి కాదు. పరమతస్థులతో వాదించునపుడు వారంగీకరింపని ప్రమాణమును జూపుట నిష్ఫలము. కోవెలలోనన్ననో వాదముతోఁ బనిలేదు, ఆచారముతోఁ బని. అధ్యయనమని పేరిడి, అనధ్యయనము నేర్పఱచి, పదిరాత్రులు వేదపారాయణముతోడనే దీనిని వినిపించిన, తరువాతితరమువారికి నది వేదముగానే పరిచయమగును. గ్రంథములలోని వాదముకంటెఁ బంచాంగములోని యీ యేర్పాటు ఎక్కువ పనిచేసినది.

శ్రీరంగమునఁ బగల్పత్తు మొదలగుటకు ముందురాత్రి తిరునెడుందాండకము పాడుదురు. మఱునాఁటినుండి నంపెరుమాళ్లు అర్జునమండపమునకు వేంచేయును. అరైయరులు కొనదేలిన పట్టుకుల్లాయి ధరించి, తాళములు చేతఁబట్టి, పాశురమును బాడి, యభినయించి, పరంపరాగతవ్యాఖ్యానమును వచించుదురు. పదవదినమున స్వామికి మోహిన్యలంకారము. ఏకాదశి వేకువను రత్నాంగితోఁ బరమపదద్వారము దాటి వేయికాళ్ళమండపమునకు వేంచేయును. రాప్పత్తులో నెనిమిదవదినమున తిరుమంగైయాళ్వారులు స్వామిని దారిదోఁచిన వేడుపఱి యుత్సవము జరుగును. ఈ యరైయరుసేవ నేఁడు శ్రీరంగము, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్తిరునగరి, మేలుకోట లందు నిలిచియున్నది. ఆంధ్రదేశాలయములకు వచ్చినది ప్రధానముగా గోష్ఠిపారాయణమే; అభినయము రాలేదు. ఇది లోటే యనవలయును.

ఉత్తరమునకు నీ సంప్రదాయము వచ్చినమార్గమునఁ గష్టకాలపు జాడయు నొకటి కలదు. 1323లో ఢిల్లీసేనలు శ్రీరంగమును ముట్టడించినపుడు నంపెరుమాళ్లను భక్తులు రహస్యముగాఁ దరలించిరి. ఆ మూర్తి పలుచోటులు తిరిగి కడకుఁ దిరుమలఁ జేరి చాలకాల మచ్చట నుండెను. విజయనగరప్రతినిధియగు గోపనార్యుఁడు మూర్తిని మరలఁ గొనిపోయి ప్రతిష్ఠించెను. శ్రీరంగాలయకుడ్యముమీఁది శాసనశ్లోకములు ఆ సంవత్సరమును ‘బంధుప్రియే’ యను శబ్దముచే సూచించినవి. కటపయాదిసంఖ్య ననుసరించి బకారము 3, ధకారము 9, రేఫము 2, యకారము 1. అంకములను వామగతిఁ జదివిన శకవర్షము 1293, అనఁగా 1371. ప్రవాసకాలమున స్వామి యుండిన మండపమే తిరుమలలో రంగనాయకులమండపమని పిలువఁబడుచున్నది. అధ్యయనోత్సవమున శ్రీనివాసుఁడు పాశురములు వినుటకు వేంచేయునదియు నా మండపమే. శ్రీరంగము శూన్యమైయుండఁగా శ్రీరంగనాథునకు నిలువనీడయైనచోట, శ్రీరంగమునఁ బుట్టిన యుత్సవము నేఁటికిని జరుగుచున్నది. దీనికంటె నా మండపమునకుఁ దగిన వినియోగ ముండఁబోదు.

తిరుమలలో నీ యుత్సవము 25 దినములు. ముక్కోటికిఁ బదునొకండు దినములు ముందు ప్రారంభమై, 11 దినములు పగల్పత్తు, 10 దినములు రాప్పత్తు జరుగును. ఇరువదిరెండవదినమున కణ్ణినుణ్ శిఱుత్తాంబు, ఇరువదిమూఁడవనాఁడు రామానుజ నూఱ్ఱందాది, ఇరువదినాలవనాఁడు వరాహస్వామి శాత్తుముఱ, మఱునాఁడు సమాప్తి. జీయంగార్లు గోష్ఠికి ముఖ్యులు. ధనుర్మాసమందు మేలుకొలుపును గూడ మార్తురు. ప్రతివాదిభయంకరము అణ్ణన్ రచించిన సుప్రభాతము నెలదినములు నిలిచి, దానిస్థానమున గోదాదేవి తిరుప్పావై చెప్పఁబడును. అర్చనలోఁ దులసికి మాఱుగా బిల్వపత్రము వాడఁబడును. సంస్కృతస్తోత్రము తప్పుకొని ద్రావిడగీతమునకుఁ జోటిచ్చు నీ నెలలోనే ముక్కోటి వచ్చుట గమనింపఁదగినది.

ఆంధ్రవాఙ్మయమున దీనిప్రతిధ్వని బలముగానే వినఁబడుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) అహోబిలమున శఠకోపయతికడ వైష్ణవాగమము లభ్యసించెను. ఆయన మనుమఁడగు చిన్నన్న ద్విపదలో పరమయోగివిలాసము వ్రాసి యాళ్వారులచరిత్రములఁ దెలుఁగువారికిఁ దెచ్చెను. దేశభాషలోని కీర్తనమే స్వామికైంకర్యమను భావము తిరుమలకొండమీఁద నంతకుముందే ప్రబంధపారాయణముచే స్థిరపడియుండెను గాని, అన్నమయ్య యూహించి తెచ్చినది కాదు. ఆయన ప్రతిభను దగ్గించుట కీమాట కాదు. ఆ ప్రతిభ పాదుకొన్న నేల యెట్టిదో చూపుటకు.

అట్లే కృష్ణదేవరాయలు. శ్రీకాకుళాంధ్రవిష్ణువు స్వప్నమునఁ గనఁబడి గోదాకల్యాణమును దెలుఁగునఁ జెప్పుమని యడిగినట్లు ఆముక్తమాల్యద యవతారికయందుఁ గలదు. కాని ప్రకృతాంశమునకు దగ్గఱిది మాలదాసరికథ. ఆ కథ వరాహపురాణమునుండి వచ్చినది. వరాహమూర్తి భూదేవికిఁ జెప్పినది. తిరుక్కురుంగుడి స్వామికి వేకువనే పాడి మేలుకొలుపు చేయు చండాలభక్తుఁడు దారితప్పి బ్రహ్మరాక్షసునకుఁ జిక్కుట, పాడి మరలివత్తునని శపథము చేయుట, మాట నిలుపుకొనుట, మంగళకైశికి రాగమునఁ బాడిన ఫలమును ధారవోసి పూర్వమున బ్రాహ్మణుఁడైన యా రాక్షసుని విముక్తునిఁ జేయుట యను నీ కథలో నిలిచిన ప్రశ్నయు అధ్యయనోత్సవమునందు నిలిచిన ప్రశ్నయు నొక్కటే. వేదము చదివి చెడినవానిని వేదాధికారము లేనివాని పాట యుద్ధరించినది. పురాణమున నది యేకాదశీజాగరణమునకుఁ జేరిన కథ గనుక, కార్తికశుక్లద్వాదశినాఁడు కైశికపురాణపఠనము ఆచారమయ్యెను. దానికి పరాశరభట్టారకులు వ్యాఖ్యానము చేసిరి. తిరుమలలో నా కైశికద్వాదశినాఁడే సూర్యోదయమునకు ముందు ఉగ్రశ్రీనివాసమూర్తికి ఊరేగింపు జరుగును; సంవత్సరమున నా మూర్తి వెలికివచ్చు దినమది యొక్కటే. సామాన్యముగా నా ద్వాదశి గడచిన కొన్నిదినములకే తిరుమంగైయాళ్వారుల కృత్తిక; మఱునాఁడే మౌనారంభము. పాటకుఁ గల ప్రభావమును జెప్పు కథ ముందు, పాట నిలుపుట పిదప, పాట పదింతలై వచ్చుట యాపైని. ఈ వరుస నెవ్వరో యొక్కరు కూర్చినది కాకపోవచ్చును. కాని యిది నిలిచియున్న తీరు చక్కనిది.

తెలుఁగునాట గోష్ఠిలోఁ గూర్చున్నవారిలోఁ బలువురకు ద్రావిడము మాతృభాష కాదు. తెలుఁగులిపిలో నచ్చుపడిన ప్రబంధములనుబట్టి, గురుముఖముననుబట్టి, వారు నాలుగువేలును గంఠస్థము చేయుదురు. తెలుఁగక్షరములలో ద్రావిడపు ‘ఴ’ కారమునకు నేఁడు సరియైన గుర్తు వాడుకలో లేదు. ప్రాచీనాంధ్రశాసనములలో నా యక్షరము కలదు. పిదప నది భాషనుండి జారిపోయెను. కనుకనే తెలుఁగుప్రతులలో తిరువాయ్మొళి యని ళకారముతో వ్రాయుట. తమభాషయే శతాబ్దులక్రిందట విడిచిన ధ్వనిని ధనుర్మాసమున నాలుకపైకిఁ దెచ్చుకొనుటకై యత్నించు నాంధ్రపాఠకుని చూచినచో, దివ్యప్రబంధము వేదమన్న వాదము శాస్త్రముకంటె నిచ్చటనే యెక్కువ సఫలమైనదని తోఁచును. అర్థము తెలియుటకు ముందే యక్షరశుద్ధికై శ్రమపడుట వేదమునకుఁ జెల్లు మర్యాద.

అర్థము తెలియని సభకు భద్రాచలమువా రొక యుపాయము కల్పించిరి. అచ్చటఁ బగల్పత్తు దినములలో శ్రీరామచంద్రమూర్తికి మత్స్యకూర్మవరాహాద్యవతారాలంకారములు వరుసగా జరుగును. దశమినాఁటి సాయంకాలము గోదావరిలో తెప్పోత్సవము. మఱునాఁటి వేకువ నుత్తరద్వారదర్శనము. చెవికిఁ బాశురము, కంటి కవతారము. శ్రీరంగమున నరైయరు లభినయముచేఁ జేయుపనిని భద్రాద్రిలో నలంకారముచేఁ జేయించిరి. పదియను సంఖ్య పగల్పత్తునకును నవతారములకును సమానమగుట సంతోషకరమైన సంఘటన. పాశురపాఠకులకంటె నవతారములఁ జూడ వచ్చువారే యెక్కువయని యాక్షేపించు పండితులు కలరు; చూడ వచ్చినవారి చెవినిఁ బాశురము పడుచున్నదని సమాధానము చెప్పవచ్చును.

ఇటీవల ద్వారము పాటను మించిపోవుచున్నది. తిరుమలలో పూర్వము రెండుదినములే యుండిన వైకుంఠద్వారదర్శనము 2020 డిసెంబరు 25 మొదలు పదిదినములకుఁ బెంపఁబడెను. శ్రీరంగమున రాప్పత్తుదినములలోఁ బెక్కింటఁ బరమపదద్వారము తెఱవఁబడుచునే యున్నది గనుక నీ మార్పునకు సంప్రదాయవిరోధము లేదు. భేద మొక్కటియే. శ్రీరంగమున ద్వారము తెఱచునది స్వామి తిరువాయ్మొళి వినఁబోవుటకై. ఆ పదిదినములకును మూలము పది శతకములు. దర్శనమునకు వచ్చు లక్షలాదిజనములలో నా లెక్క యెఱింగినవారు కొలఁదిమంది. తిథినిర్ణయమునఁ గూడ శ్రీరంగమువారు పారాయణమునే ముఖ్యముగాఁ జూతురనుటకు నిదర్శనము: 2021లో వారు తైమాసోత్సవముతో నధ్యయనోత్సవము గలిసిపోకుండ, తక్కిన క్షేత్రములకంటె నెలముందు, డిసెంబరు 14న ముక్కోటి జరిపిరి, తిరుమలలో నది 2022 జనవరి 13న జరిగెను. ఇరువదియొక్కదినముల పారాయణమునకుఁ జోటు చూచి, దానినిబట్టి తిథి నెన్నుకొనిరి.

రాప్పత్తు పదవదినమున నమ్మాళ్వారు మోక్షము. తిరువాయ్మొళి చివరిశతకమునఁ జీవుఁడు అర్చిరాదిమార్గమునఁ బరమపదము చేరు వర్ణన కలదు. ఆ పాశురములు ముగియుచుండఁగా నాళ్వారుమూర్తిని స్వామిపాదములకడ నుంచి తులసితోఁ గప్పుదురు. పిదప లోకోపకారార్థ మాయనను మరల నొసఁగుమని యర్చకులు ప్రార్థింపఁగా, తులసి తొలఁగించి, మూర్తిని స్వస్థానమునకుఁ గొనిపోవుదురు. మఱునాఁడు ఇయఱ్పా. పేరునకుఁ దగినట్లు దానికి సంగీతము లేదు, తాళము లేదు. గోష్ఠి సాదాగాఁ జెప్పును. ఆ యధికారమును రామానుజులు అముదనార్లకు నిప్పించిరని శ్రీరంగసంప్రదాయము. ఆ యముదనార్ల నూఱ్ఱందాదితోనే యది ముగియును. తరువాత నాలయములలో నిత్యగోష్ఠి యథాప్రకారము సాగును. ఇండ్లలో గడువు తీఱఁగానే, కార్తికమునఁ గట్టిపెట్టిన ప్రబంధపుస్తకములు మరల విప్పుదురు.